పడమటి గుమ్మం దగ్గర పీట

పలాస జీడిపప్పు షెడ్లలో నా గురించి ఒక కథ తిరుగుతుంది. "ఆవిడా? ఎండల్లో పప్పు మీద నీళ్లు చల్లించి విరక్కుండా కాపాడిన ఆవిడ" అంటారు. మెచ్చుకుంటున్నామనుకునే అంటారు, పాపం. మొన్న ఒక పెళ్లిభోజనంలో నేనెవరో తెలియక ఒక పెద్దమనిషి నా పక్కనే కూర్చుని ఈ కథ చెప్పాడు. చేత్తో నీళ్లు చిలకరిస్తున్నట్టు అభినయం కూడా చేశాడు. ఆయన విస్తట్లో పెరుగు వడ్డించేలోగా నేనెవరో చెప్పాను. తర్వాత ఆయన పెరుగన్నం తినలేదు.

నేను పప్పు మీద ఒక్క చుక్క చల్లించలేదు. ఒలిచిన జీడిపప్పుకి నీళ్లు తగిలితే వారం తిరక్కుండా బూజు పడుతుంది. అలాంటి పని చేసినవాళ్లను నేనే గేటు బయట నిలబెట్టేదాన్ని. ఆ ఏడు మేము తడిపినది ఆ గదిలో గాలిని. అదెలాగో, ఎందుకో ఎవరూ అడగరు. నీళ్లు చల్లిందంటే కథ సులువుగా అయిపోతుంది కదా. పైగా ఆ కథలో నేను తెలివైనదాన్ని. అసలు జరిగినదాంట్లో గొడవకి మూలం నేనే. అందుకని ఈసారి నా నోటితోనే వినండి.

1968 వేసవి. కాశీబుగ్గ పక్కన ఒక చిన్న ప్యాక్టరీ. ప్యాక్టరీ అంటే పెద్ద పెద్ద యంత్రాలు ఊహించుకోకండి. పెంకుటిల్లంత షెడ్డు, వెనక బొర్మా, అవతల నుయ్యి. నలభైమంది ఆడవాళ్లు. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. విజయనగరంలో బి.ఎస్సీ. చదివి, రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగారితో ఒక వాదన గెలిచి ఉద్యోగం పోగొట్టుకున్నాను. మా పిన్నిగారి ఊళ్లో ఈ ప్యాక్టరీ శావుకారు చదువుకున్న మనిషి కావాలంటే వచ్చి చేరాను. ఉద్యోగం పేరు గ్రేడింగ్ సూపర్‌వైజరు. అంటే ఒలిచిన పప్పుని రకాలుగా వేరు చేయించి, ఏ రకం ఎంత వచ్చిందో చూసే పని.

మా పని తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి. జీడిగింజని కాల్చి, పెంకు పగలగొట్టి, లోపలి పప్పుని బొర్మాలో పెడతారు. బొర్మా అంటే ఇటుకలతో కట్టిన వేడిగది; వల అడుగున్న ట్రేలలో పప్పు పోసి గంటల తరబడి ఆరనిస్తారు. అప్పుడు పప్పు మీది ఎర్రటి పొర వదులవుతుంది. ఆ పొరని ఆడవాళ్లు పీటల మీద కూర్చుని, వేలెడంత కత్తితో, చాలాసార్లు ఉత్త గోటితో, ఒలుస్తారు. దీన్ని పీలింగ్ అంటాం. పప్పు నిండుగా వస్తే గుండు, రెండుగా చీలితే బద్ద, అంతకన్నా చిన్నదైతే ముక్క. వ్యాపారమంతా గుండులో ఉంది. బజారులో మీరు గుప్పెడు ముక్కలు కొనుక్కుని పాయసంలో వేసుకుంటారు చూశారూ, ఆ ప్రతి ముక్క వెనకా ఎవరో ఒకరు తిట్లు తినే ఉంటారు.

అంతకుముందు వానల్లో మాకొక దెబ్బ తగిలింది. డబ్బాలకెత్తి పంపిన సరుకు బూజు పట్టి తిరిగొచ్చింది. శావుకారు మూడు రోజులు అన్నం మానేశాడు. నేను మాత్రం హుషారుగా ఉన్నాను, ఎందుకంటే కారణం నాకు తెలిసిపోయింది: తేమ! పీలింగ్ గదిలో తాగేనీళ్ల కుండలు వరసగా ఉండేవి. రోజూ సాయంత్రం నేల కడిగేవాళ్లు. బొర్మా నుంచి దించిన ట్రేలను ఆ కుండల పక్కనే మర్నాటిదాకా ఉంచేవాళ్లు. ఎందుకలా అని అడిగితే "మునపటి నుంచీ అలాగే" అన్నారు. "మునపటి నుంచీ" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఒక అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకి తగిలించాను: "ఈ గదిలో నీటిచుక్క ఉండరాదు." కుండలు చెట్టు కిందకి పోయాయి. నేల కడగడం ఆగింది. ట్రేలు బొర్మా నుంచి దించిన పూటే ఒలవడానికి వచ్చేవి. బూజు పోయింది. శావుకారు నన్ను చూసి నలుగురితో "చదువంటే అదీ" అన్నాడు. నాకు ఆ మాట చాలా రోజులు రుచిగా ఉండింది.

ఇక వేసవి వచ్చింది. మాది సముద్రానికి దగ్గర ఊరైనా, వైశాఖంలో కొన్నాళ్లు పడమటి గాలి తిరుగుతుంది. కొండల మీంచి వచ్చే పొడి గాలి; ఆరేసిన చీర చూస్తుండగానే ఫెళఫెళలాడుతుంది. ఆ రోజుల్లోనే చేటల్లో ముక్క పెరగడం మొదలైంది. అందరి చేటల్లోనూ కొంచెం కొంచెం. కాని దాలమ్మ చేటలో దాదాపు సగం.

దాలమ్మది బారువ వైపు పల్లె, చేపలు పట్టేవాళ్ల ఇల్లు. మొగుడి పడవ కిందటి తుపానులో పగిలిపోతే, కొత్త పడవ దొరికేదాకా అని చెల్లెలింట్లో ఉండి మా షెడ్డులో చేరింది. చేరి మూడు నెలలు. కొత్తగా వచ్చినవాళ్లకి ఇచ్చే చోటు ఒకటుంది, పడమటి గుమ్మం పక్క పీట. పాతవాళ్లందరూ నూతివైపు గోడకి ఆనుకుని కూర్చుంటారు. ఎవరి పీట వాళ్లది. అత్త మానేస్తే కోడలికి, తల్లి మానేస్తే కూతురికి వస్తుంది. ఊళ్లో పొలానికైనా తగువు పడతారేమో కాని, ఆ పీటలకి తగువుండదు. అంత ఖచ్చితం.

ముక్క పెరిగితే మా వృత్తిలో వచ్చే మొదటి అనుమానం చేతివాటం. నిండు గుండు దాచడం కష్టం. విరిగిన పప్పు నోట్లో వేసుకోవచ్చు, రొంటిన దోపుకోవచ్చు. అందుకని కావాలనే విరుస్తున్నారంటారు. ఆ మంగళవారం సాయంత్రం నేను రోజువారీ కాగితంలో దాలమ్మ పేరెదురుగా "అజాగ్రత్త, అనుమానం" అని రాశాను. రెండే మాటలు. శావుకారు అది చదివి అందరి ముందూ ఆమెని నిలబెట్టాడు.

"శనివారందాకా సూస్తాను. ఇలాగే ఉన్నాదా, మరి గేటు లోపలికి రాకు" అన్నాడు.

ఇక్కడ పోవడం అంటే ఒక్క షెడ్డు పోవడం కాదు. చేతివాటం అని పంపేసిన మనిషిని కాశీబుగ్గలో, పలాసలో ఏ షెడ్డూ తీసుకోదు. ఆ కబురు మనిషికన్నా ముందు గేటుకి చేరుతుంది. పల్లెకి తిరిగి వెళ్తే అక్కడికీ చేరుతుంది.

దాలమ్మ ఏడవలేదు. శావుకారు వెళ్లాక నా ముందుకొచ్చింది.

"నానేటి సేసినానమ్మా? కత్తి ఆనక ముందే ఇరిగిపోతన్నాది. పొద్దున్న నా మాట ఇంటాది, ఎండెక్కితే ఇనదు."

"పప్పుకి చెవులున్నాయా నీ మాట వినడానికి?" అన్నాను. నా నోరు అంతే.

"సెవులు నేవు కదా. మరి మీ మాటేనా ఇంటాదేటి?" అంది దాలమ్మ.

చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కాని ఇంటికి వెళ్తుంటే ఆ మాట వెనక పడింది. పొద్దున్న ఇంటాది, ఎండెక్కితే ఇనదు. దొంగతనం చేసే చెయ్యి పూటని బట్టి చేస్తుందా? పొద్దున్న నిజాయితీ, మధ్యాహ్నం చేతివాటం?

బుధవారం నేను మరో పని పెట్టుకోలేదు. ఒక ఎత్తుపీట వేసుకుని దాలమ్మ ఎదురుగా కూర్చుని ఆమె వేళ్లనే చూశాను. పొద్దున్న ఎనిమిదింటికి పొర పట్టుచీర మడత విప్పినట్టు వచ్చేస్తోంది. పదకొండు దాటాక, అవే వేళ్లు, అదే ఒడుపు, బొటనవేలు ఆనగానే "టిక్". మళ్లీ "టిక్". ఆమె నా వైపు చూడనైనా చూడలేదు. నేనొక పప్పు తీసి కొరికాను. అప్పుడే వేయించిన అప్పడంలా పలికింది. నూతివైపు వెళ్లి అక్కడ కూర్చునే పాతమనిషి సూరమ్మ చేటలోంచి ఇంకొకటి తీసి కొరికాను. మెత్తగా తెగింది.

అప్పడం! వేయించిన అప్పడం డబ్బాలో పెడితే పలుకుతుంది, బయట వదిలేస్తే వంగుతుంది. గాలిలోంచి తేమ తాగుతుంది కనుక. పప్పూ అంతే కదా! ఒకే గదిలో, ఒకే బొర్మా నుంచి వచ్చిన పప్పు, ఆ చివర పలుకుతోంది, ఈ చివర వంగుతోంది. అంటే ఒకే గదిలో రెండు గాలులున్నాయన్నమాట. ఆ సంగతి తట్టినప్పుడు ఎదురుగా ఉన్న గోడ మీద నా అట్టముక్క కనపడింది. "ఈ గదిలో నీటిచుక్క ఉండరాదు." నా అక్షరాలు ఎంత గుండ్రంగా, ఎంత అందంగా ఉన్నాయో ఆ రోజే గమనించాను.

ఊహించడం వేరు, రుజువు చేయడం వేరు. శావుకారుకి అప్పడం కథ చెప్తే నవ్వుతాడు. నాకు అంకెలు కావాలి. గురువారం పొద్దున్నే హైస్కూలు సైన్సు మాస్టారి దగ్గరికి పరుగెత్తి రెండు థర్మామీటర్లు అడిగాను. "విరగ్గొడితే ఎవరిస్తారు?" అన్నాడు. "జీడిపప్పు విరిగినంత సులువుగా విరగవులెండి" అని, ఆయనకి అర్థమయ్యేలోగా తీసుకుని వచ్చేశాను.

ఈ పరికరం ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. రెండు థర్మామీటర్లు పక్కపక్కన వేలాడదీయాలి. ఒకదాని బుడ్డికి పల్చటి గుడ్డ చుట్టి, గుడ్డ కొస నీళ్లగ్లాసులో ఉంచాలి. గాలి పొడిగా ఉంటే గుడ్డలో నీరు త్వరగా ఆవిరవుతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టే ఆ బుడ్డి చల్లబడి పాదరసం దిగుతుంది. గాలిలో తేమ నిండా ఉంటే గుడ్డ ఆరదు, పాదరసం పెద్దగా దిగదు. కాబట్టి రెండింటికీ తేడా ఎక్కువైతే పొడి గాలి, తక్కువైతే తడి గాలి. దీన్ని వెట్ అండ్ డ్రై బల్బ్ అంటారు. కాలేజీలో మార్కుల కోసం బొమ్మ వేశాను కాని, దీనితో ఒక మనిషి పరువు తూయాల్సి వస్తుందని ఎవరనుకుంటారు?

నేను పాత పంచె చింపి గుడ్డ చుడుతుంటే నలభై జతల కళ్లు నా మీదే ఉన్నాయి. సూరమ్మ అందుకుంది. సూరమ్మ ఆ షెడ్డుకి పెద్ద, పన్నెండేళ్ల చెయ్యి.

"ఏటమ్మగోరూ, గాజుపుల్లకి జెరం వచ్చీసినాదేటి? తడిగుడ్డ కట్టీసినారు!"

"కాసింత గంజి కూడా పట్టీండి" అంది ఇంకొకతె.

"నోరు మూసి పని చెయ్యండర్రా" అన్నాను కాని, నాకూ నవ్వొచ్చింది.

మధ్యాహ్నం పన్నెండింటికి నూతి గోడ దగ్గర తేడా ఎనిమిది డిగ్రీలు. పరికరాన్ని రెండు చేతులా దేవుడి పళ్లెంలా మోసుకుంటూ పడమటి గుమ్మానికి తీసుకెళ్లాను. పాదరసం దిగుతోంది, దిగుతోంది, ఇంకా దిగుతోంది. పదమూడు! నేను గట్టిగా అరిచానట. నాకు గుర్తు లేదు. "పదమూడు! పదమూడు!" అని పీటల మధ్య తిరిగానని సూరమ్మ చాలా ఏళ్లు అందరికీ అభినయించి చూపించింది. పాతిక అడుగుల దూరంలో ఒక గాలి ఇంకొక గాలి అయిపోయింది. నూతివైపు గోడ అవతల బట్టలుతికే చప్టా ఉంది, ఆ గోడ ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. ఇటేమో గుమ్మంలోంచి పడమటి గాలి, పక్కనే బొర్మా గోడ వేడి. కొత్త మనిషిని తెచ్చి సరిగ్గా అక్కడ కూర్చోబెట్టి, చెయ్యి మంచిది కాదంటున్నాం!

శావుకారుకి అంకెలు చూపించాను. ఆయన థర్మామీటర్లను కాదు, నన్ను చూశాడు.

"గాజుపుల్లలు సాచ్చికం సెప్తాయేటమ్మా? ముక్క ఎవరి సేటలో ఉన్నాదో అదే నాకు సాచ్చికం."

సరే, చేటే సాక్ష్యం చెప్పనీ అనుకున్నాను. పీటలు మారుద్దాం. సూరమ్మ పడమటికి, దాలమ్మ నూతివైపుకి. ఒక్క పూట.

ఈ మాట అన్నాక షెడ్డులో కత్తుల చప్పుడు ఆగిపోయింది. సూరమ్మ పీట మా అందరికన్నా పాతది.

"మా అత్త కూకున్న పీట. ఆవిడ ఎల్లిపోనాక నాను కూకున్నాను. నా ఎనకాల మా కోడలు కూకుంటాది. సావుకారు సెప్పినా లెగను, సావుకారు తాత సెప్పినా లెగను" అంది.

బతిమాలితే లేవదని నాకు తెలుసు. "వద్దులే. పన్నెండేళ్ల చెయ్యి పడమటి గుమ్మం దగ్గర ఆగుతుందో ఆగదో, నీకు మాత్రం భయం ఉండదా" అన్నాను.

"బయ్యమా? నాకా?" సూరమ్మ లేచింది. "ఒలే దాలమ్మా, లెగు! రేపు పొద్దున్న నుంచీ పొద్దుగూకీదాకా. ఆనక నా పీట నాకు తుడిసి ఇయ్యాల. ఓలమ్మ, నా సెయ్యిని అనుమానించిన మనిసి ఇప్పటిదాకా పుట్టనేదు."

శుక్రవారం పొద్దున్న ఇద్దరికీ ఒకే ట్రేలోంచి పప్పు కొలిచి పోశాను. తొమ్మిది గంటలకి సూరమ్మ చేట నిండా గుండే. నన్ను చూసి కనుబొమ్మ ఎగరేసింది. పదింటికీ గుండే. పదకొండింటికి పడమటి గాలి లేచింది. గుమ్మానికున్న తాటాకు తడిక టపటపమంది. ఆ తర్వాత మొదటి "టిక్" నాకు షెడ్డు అవతలి చివర నుంచి వినిపించింది. సూరమ్మ ఆ పప్పుని పైకెత్తి చూసింది. పక్కన పెట్టింది. మళ్లీ "టిక్". కత్తి మార్చింది. గోటితో ఒలిచింది. చేట ఒళ్లోకి జరుపుకుంది. ఒంటిగంటకి ఆమె చేటలో ముక్కలు గుట్టపడ్డాయి. నూతివైపు దాలమ్మ తల ఎత్తకుండా ఒలుస్తోంది. ఆమె చేటలో గుండు తెల్లగా మెరుస్తోంది.

సూరమ్మే పిలిచింది, నేను కాదు.

"సావుకారుబాబూ, ఇలా రా. నా సేట సూడు. నీ గుండంతా ఒలిసిన సెయ్యి ఇది. ఈ పూటకి ఇదీ దొంగసెయ్యి అయిపోనాదేటి?"

శావుకారు చేట చూశాడు, సూరమ్మని చూశాడు. "ఏం సూరమ్మా, ఒంట్లో బాగునేదేటి?" అన్నాడు.

"నాకు బాగానే ఉన్నాది. నీ గుమ్మానికే బాగునేదు."

నేను చప్పట్లు కొట్టాను. ఉద్యోగంలో ఉన్న మనిషి చేయకూడని పనే, అయినా కొట్టాను.

అక్కడితో అయిపోయిందనుకుంటారేమో. శావుకారు నాతో వాదన మొదలుపెట్టింది అప్పుడే. "తేమ కొంప ముంచుతాదని కిందటి వానల్లో నా బుర్ర తిన్నది నువ్వే. ఇప్పుడు తేమ కావాలంటన్నావు. మళ్లీ బూజొస్తే?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. "కూరలో ఉప్పెక్కువైందని ఉప్పు మానేస్తామా? అప్పుడు కొలత లేదు, ఇప్పుడు ఉంది" అన్నాను. వానల్లో నేను కుండలు తీయించడం తప్పు కాదు. కాలం మారినా ఆ అట్టముక్క గోడ మీద అలాగే ఉంచడం తప్పు.

ఆ మధ్యాహ్నమే పని మొదలుపెట్టాం. పడమటి గుమ్మానికి గోనెసంచులు విప్పి కుట్టి తెరలా కట్టి తడిపాం. గాలి ఆ తెరలోంచి చల్లగా, తేమగా వచ్చింది. నా ఉత్సాహం చూడండి, కిటికీలకి కూడా కట్టించి, గోడ పొడుగునా కుండలు పెట్టించి, నేలంతా తడి ఇసక పోయించాను. మూడింటికి తేడా మూడు డిగ్రీలకి వచ్చింది. నేను గర్వంగా నిలబడి ఉంటే దాలమ్మ పప్పు నా ముందు పెట్టింది.

"ఇప్పుడు పొర ఊడట్నేదమ్మా. తోలులాగ సాగుతన్నాది."

నిజమే. ఇసక ఎత్తించాను, కిటికీ తెరలు విప్పించాను. గంట గంటకీ ఒకటి తీసి, ఒకటి పెట్టి, దాలమ్మ ఒకవైపు, పాదరసం ఒకవైపు చూసుకుంటూ పోయాం. ఆమె "ఇప్పుడు బాగున్నాది" అన్నప్పుడల్లా నేను తేడా రాసుకున్నాను. సాయంత్రానికి తేలింది: అయిదుకీ తొమ్మిదికీ మధ్య ఉంటే పొర ఊడుతుంది, పప్పు విరగదు. తొమ్మిది దాటితే గోనె తడపాలి. అయిదు కన్నా తగ్గితే గోనె తీసేయాలి. వానాకాలమైతే బొగ్గుల కుంపటి పెట్టాలి, మూలల్లో బాండీల్లో నీళ్లు పోయని గుల్లసున్నం ఉంచాలి, అది తేమ పీల్చుకుంటుంది. బొర్మా నుంచి దించిన ట్రేలు మర్నాటిదాకా గదిలో ఆగాలి. అవును, "మునపటి నుంచీ" చేసినట్టే. డబ్బాలకెత్తే గది మాత్రం వేరే, అక్కడ తడి గోనె ఛాయలకి కూడా రాకూడదు. అన్నీ సుద్దతో గోడ మీద రాశాను. తడి గోనెలు మోసుకెళ్తుంటే గేటు బయట నిలబడి చూసినవాళ్లు ఎవరో, పప్పు తడుపుతున్నారని ఊరంతా చెప్పారు. ఆ కథ పుట్టింది అక్కడ.

శనివారం సాయంత్రం దాలమ్మ తన పాత పీట మీదే, పడమటి గుమ్మం పక్కనే, తడి గోనెతెర వెనక కూర్చుని ఒలిచిన చేట శావుకారు ముందు పెట్టాం. ఆయన వేళ్లతో కెలికి చూశాడు. అడుగున ముక్కలు దాచామేమోనని చేట ఒంపి కూడా చూశాడు. "సరే, సోమవారం నుంచి మామూలే" అని వెళ్లిపోబోయాడు. నేను కూడా అంతటితో సరిపోయిందనుకున్నాను. దాలమ్మ నా దారికి అడ్డం నిలబడింది.

"మంగళవారం నాటి కాయితంలో నా పేరు కాడ ఏటి రాసినారమ్మా?"

చెప్పాను. రెండు మాటలూ చెప్పాను. కుండలు తీయించిందీ, ట్రేలు ఆగనివ్వనిదీ కూడా నేనేనని చెప్పాను. అంత తక్కువ మాటల్లో నేనెప్పుడూ మాట్లాడి ఉండను.

"సరే. సదూకున్నోళ్లు కదా, ఇంకో కాయితం రాయండి" అంది. "రాసి బీరువాలో దాసుకోకండి. అందరూ ఇన్నారు కదా ఆయేళ, ఇదీ అందరూ ఇనాల."

శావుకారు "ఇదేటిదీ" అన్నాడు. నేను ఆయన చేతిలోంచే కలం తీసుకుని రాశాను. నలభైమంది పీటల మీంచి లేవకుండా కూర్చున్నారు. నేను షెడ్డు మధ్య నిలబడి చదివాను: దాలమ్మ పప్పు విరగడానికి కారణం గదిలో పొడి గాలి; ఆ గాలి పొడిబారడానికి కారణం సూపర్‌వైజరు పెట్టిన నియమం; దాలమ్మ చేతిలో తప్పు లేదు. బడిలో ఎన్నో పాఠాలు చదివి వినిపించాను. నా తప్పు నేనే చదివి వినిపించడం అదే మొదలు. చదవడం అయ్యాక దాలమ్మ తల ఊపి, చేట దులుపుకుని, చెల్లెలింటికి వెళ్లిపోయింది. సోమవారం అందరికన్నా ముందు వచ్చింది. వానలు దాటేదాకా మా దగ్గరే చేసి, పడవ కుదిరాక తలెత్తుకుని తన పల్లెకి వెళ్లింది.

ఈ కేసు నాకు నేర్పింది తేమ గురించి అనుకునేరు. అది పుస్తకంలో ఉంది. ఒక మనిషి పని చెడిందంటే, ఆ మనిషిని చూసేముందు ఆ మనిషిని ఎక్కడ కూర్చోబెట్టామో చూడాలి. తర్వాత పదిహేనేళ్లు నాలుగు షెడ్లలో చేశాను; ఎక్కడ చేరినా మొదటిరోజు నేను చేసిన పని కొత్తవాళ్ల పీట మీద ఒక పూట కూర్చోవడం. ఒకచోట ఈ పని చూసి నాకు పిచ్చన్నారు. అననీ.

కాని ఆ శనివారమే, అందరూ వెళ్లాక, సూరమ్మ తన పీట తుడుచుకుంటూ ఒక మాట అంది.

"దాలమ్మకి ముందు ఆ పీట మీద ఒకత్తి ఉండీది. మీరు రాకముందు సంగతి. ఎండలయేళే. అప్పుడు గదిలో కుండలున్నా, ఆ గుమ్మం కాడికి సెమ్మ అందీది కాదు గావాల. దాన్నీ ఇలాగే ముక్కలకి పంపీసినారు. నానూ అన్నాను, దాని సెయ్యి మంచిది కాదని."

"పేరేంటి?"

సూరమ్మకి గుర్తు లేదు. ఇంకెవరికీ లేదు. సన్నగా ఉండేదని ఒకరు, మందస వైపు మనిషని ఒకరు, ఒళ్లో చంటిపిల్ల ఉండేదని ఒకరు అన్నారు. నేను రెండు వేసవులు ఆ చుట్టుపక్కల షెడ్ల గేట్ల దగ్గర అడిగాను. ఏ షెడ్డూ తీసుకోని మనిషి ఏ షెడ్డులో దొరుకుతుంది? ఇది చదివేవాళ్లలో మందస వైపువాళ్లు ఎవరైనా ఉంటే మీ అమ్మనో, అత్తనో, పక్కింటి ముసలమ్మనో అడగండి: పలాస షెడ్డులో పడమటి గుమ్మం పక్కన కూర్చుని, పప్పు విరిచావని మాట పడి వచ్చేసింది నువ్వేనా?